పీల్చేటప్పుడే ఈల

గంటలో వస్తామన్నారు. అందులో పది నిమిషాలు అప్పుడే హరించుకుపోయాయి. మేస్త్రీ మాత్రం వెనక వరండా మెట్టు మీద, కోడిపుంజును పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, పశువుల డాక్టరమ్మ ఏది వద్దందో సరిగ్గా అదే చేస్తూ కూర్చున్నాడు. ముట్టుకోవద్దంది. ముట్టుకోక? పుంజేమైనా కరెంటు తీగా? రెండు రోజుల నుంచి మేత మానేసి, నోరు తెరుచుకుని, మెడ ఆకాశానికి సాచి ఊపిరి కోసం తన్నుకుంటున్న ప్రాణాన్ని గోడవారన పడేసి, చేతులు కట్టుకుని గడియారం చూసుకోవాలా? కొక్కెర తెగులే అయితే పెరట్లో ఒక్క కోడీ మిగలదు, అన్నిటినీ తీసుకుపోవాల్సిందే, రూలు అంది ఆవిడ ఫోన్లో. ఎంత మెత్తగా అందంటే, భార్యకు ఫోను పెట్టేశాక గానీ ఆ మాట బుర్రకెక్కలేదు. పుంజుతో కలిపి పన్నెండు. పదకొండు పెట్టలు, గుడ్డు పొదిగించిన నాటి నుంచి ఆవిడ చేతి మీద పెరిగినవి. ఏది ఏ మూల గుడ్డు పెడుతుందో, దేనికి దేనితో పడదో ఇంటి కోడళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పే మనిషి, ఇప్పుడు గోడ దగ్గర నిలబడి వాటి వంక ఊరికే చూస్తోంది. పెట్టలకేం తెలుసు, అవి మట్టి గీరుకుంటున్నాయి, ఒకదాని పురుగు ఒకటి లాక్కుంటున్నాయి, పొద్దున్నే గుడ్డు పెట్టినది ఇంకా ఆ గొప్ప చెప్పుకుంటూ అరుస్తూనే ఉంది.

పుంజు పేరు బావగారు. నవ్వొస్తే నవ్వుకోండి, పేరు పెట్టింది భార్యే. గుడ్డులోంచి బయటపడి మూడు నెలలు తిరగకుండానే ఛాతీ ముందుకు తోసుకుని, పెరడంతా ఎవరో తన పేర రాసిచ్చినట్టు పచార్లు చేస్తుంటే, "అచ్చం మీ అన్నయ్యేనండీ, మా బావగారే" అనేసింది, అనేసి నాలుక కరుచుకుంది, ఎందుకంటే అన్నయ్య పోయి అప్పటికి నాలుగు నెలలే. మేస్త్రీ ఆ పూట పెరటి వైపే పోలేదు. మర్నాడు ఆ పుంజు నీళ్ళ తొట్టి అంచెక్కి, జారి, లోపల పడి, లేచి, ఎవరూ చూడలేదన్నట్టు ఈకలు దులుపుకుని హుందాగా నడిచిపోతుంటే పగలబడి నవ్వాడు. అన్నయ్యా అంతే, కాలు జారితే తప్పంతా నేలదే అన్నట్టు నేలకేసి కోపంగా చూసేవాడు. ఆ నవ్వుతో పేరు ఖాయమైపోయింది. ఆ పేరే ఇందాక ఫోన్లో అభాసుపాలు చేసింది. "మా బావగారికి ఊపిరాడట్లేదండీ" అని ఈవిడ గాభరాగా అంటే, అవతల గుమస్తా, "అమ్మా, ఇది పశువుల ఆసుపత్రి, ముందాయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడట. కాదు బాబూ, బావగారంటే పుంజు అని చెప్పి, వాడు నవ్వాపుకుని డాక్టరమ్మకు ఇచ్చేలోపు ఈవిడకు చెప్పాలనుకున్నవి సగం మరుపు, సగం తడబాటు.

ఈక్. ఇదిగో, మళ్ళీ. ఒళ్ళో పుంజు మెడ సాచింది, ముక్కు తెరిచింది, ఈక్ అని సన్నటి ఈల, తర్వాత ఏమీ లేదు, మళ్ళీ ఈక్. మేస్త్రీ చెవి తనంతట తనే అటు తిరిగింది, యజమాని పిలవకపోయినా లేచి వచ్చే కుక్కలా. వద్దు, అనుకున్నాడు. రెండేళ్ళుగా ఆ చెవిని ఏ పనికీ పెట్టలేదు. ముప్పై ఏడేళ్ళు బళ్ళు బాగుచేశాడు, కారు వీధి మలుపు తిరుగుతుండగానే దాని జబ్బు చెప్పేవాడు, పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, చెక్క పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, లోపల ఏ ముక్క ఏ ముక్కతో పోట్లాడుతోందో వినపడేది. మేస్త్రీ చెవికి మేస్త్రీ కూడా అబద్ధం చెప్పలేడనేవారు. అన్నయ్య ఆ రోజు షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుని, చొక్కా గుండీలు విప్పి, "మెట్లెక్కితే ఆయాసంగా ఉందిరా, మీ వదిన చెవినిల్లు కట్టుకుని పోరుతోంది, ఏదీ, నీ స్క్రూడ్రైవరుతో ఓసారి విను, దాని నోరు మూయిద్దాం" అన్నాడు. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. మేస్త్రీ మొన ఛాతీకి ఆనించాడు, పిడి చెవిలో పెట్టుకున్నాడు, విన్నాడు, గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు, గురకా లేదు, గలగలా లేదు. "షోరూము నుంచి ఇప్పుడే దిగిన బండివి అన్నయ్యా, పో, హాయిగా తిరుగు" అన్నాడు. అందరూ చప్పట్లు. తొమ్మిదో రోజు అన్నయ్య పోయాడు. ఊపిరితిత్తుల నిండా నీరు, ఎప్పటినుంచో ఉన్నట్టుంది, ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా అని అడిగాడు పెద్దాసుపత్రి డాక్టరు. ఎవరూ గమనించలేదా! గమనించడమే వృత్తిగా పెట్టుకున్న తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ వారమే షెడ్డు తలుపు దించేశాడు. పక్కింటివాళ్ళ స్కూటరు చైను కరకరమంటుంటే కిటికీ మూసుకునేవాడే గానీ బిగించుకోమని ఒక్క మాట చెప్పలేదు. నా మాట నమ్మి ఇంకొకరు చావక్కర్లేదు.

ఈక్. అబ్బా, ఆగరా బాబూ, వింటున్నాలే, వినకుండా ఎలా ఉంటాను! విన్నంతమాత్రాన ఎవరికి నష్టం, ఎవరికీ చెప్పను, నాలో నేనే అనుకుంటాను. సరే, ఏ బండైనా ఆగిపోయిందంటే మూడే మూడు, పెట్రోలు, కరెంటు, గాలి, మిగతాదంతా పుస్తకాల్లో రాసుకునేది. ముందు పెట్రోలు. మెడ కింద మేత నిలవుండే సంచి తడిమాడు, ఖాళీగా మెత్తగా ఉంది, రాయిలా గడ్డకట్టలేదు, పులిసిన వాసన లేదు, అంటే లోపలికి పోవడం లేదంతే, పోయే దారిలో అడ్డేమీ లేదు. రెట్ట చూశాడు తువ్వాలు మీద, కొంచెమే ఉంది, కానీ గట్టిగా ఉంది, పైన తెల్ల టోపీతో సహా లక్షణంగా ఉంది. తెగులైతే ఆకుపచ్చగా, నీళ్ళలా పారాలి కదూ? చిన్నప్పుడు పిన్ని వాళ్ళ కోళ్ళన్నీ ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోయినప్పుడు చూశాడు, పచ్చటి రెట్టలు, వేలాడిన రెక్కలు, మెడ మెలితిరిగిపోయి చుక్కలు చూస్తున్నట్టు గిరగిర తిరిగిన పెట్ట, ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. రెక్క విప్పి చూశాడు, వదిలితే టక్కున ముడుచుకుంది. వేలు అందిస్తే కాలిగోళ్ళు చుట్టుకుని పట్టుకున్నాయి, ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే నొప్పెట్టి నవ్వొచ్చింది. కళ్ళు తేటగా ఉన్నాయి, ముక్కులోంచి చీమిడి లేదు, నురగ లేదు. కరెంటు బ్రహ్మాండంగా ఉంది! పెట్రోలు ఉంది, కరెంటు ఉంది, ఇక మిగిలింది గాలి. గాలిరా బావగారూ, నీ గొడవంతా గాలి దగ్గరే!

ఈసారి దొంగచాటు లేదు. పుంజు వీపు మీద, రెక్కల నడుమ సరాసరి చెవి ఆనించేశాడు. ఈకలు చెవిలో గుచ్చుకున్నాయి, వెచ్చగా మట్టి వాసన, లోపల గుండె చిన్న మోటారులా పరుగో పరుగు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. పీల్చింది, ఈక్. వదిలింది, ఏమీ లేదు. పీల్చింది, ఈక్. వదిలింది, శుభ్రం, ఉఫ్ మని వట్టి గాలి. మళ్ళీ. మళ్ళీ. కఫమైతే రెండు వైపులా గురగురలాడాలి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. జబ్బు ఎక్కడైనా ఒక్క దిక్కుకే పని చేస్తుందా? పీల్చేటప్పుడే ఈల, అంటే ఏదో ఉంది, తలుపు రెక్కలాంటిది, గాలి లోపలికి లాగితే అంటుకుంటోంది, బయటికి తోస్తే తెరుచుకుంటోంది. ఠక్కున గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక కారొచ్చింది షెడ్డుకి, అప్పటికే నలుగురు మెకానిక్కులు ఇంజను విప్పి, ఎవరికి తోచిన ముక్క వాళ్ళు మార్చి, ఇక దీన్ని అమ్మేసుకోండన్న కారు. గాలి గొట్టం మీద చెవి పెట్టి అర నిమిషం విని, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక తడిగుడ్డ పీలిక లాగాడు, తుడవడానికి పెట్టి ఎవరో లోపలే మరిచిపోయిన పీలిక. ఆ కారు యజమాని ఆ గుడ్డపీలికను మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. అదే! అదే ఇది! కాకపోతే, ఇది కారు కాదు. అన్నయ్య కూడా కారు కాదు. అప్పుడు కూడా ఇంతే నమ్మకంగా ఉన్నావు కదరా, అంది లోపలెవరో. మేస్త్రీ చెవి తీసేసి, తలెత్తి, భార్యను కేకేశాడు.

"ఏమే, ఫోన్లో డాక్టరమ్మతో ఏమన్నావో ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పు."

"ఏమంటాను? ఊపిరాడట్లేదు, నూకలు పెడితే మెడ తిప్పేస్తున్నారు అన్నాను."

"మెడ తిప్పేస్తున్నారు అన్నావా! దానికావిడ ఏమంది?"

"మెడ తిప్పేస్తోందా, బాగా తిప్పేస్తోందా అంది. బాగా అంటే బాగానమ్మా, బతిమాలినా ఇటు తిరగట్లేదు అన్నాను. ఉన్నమాటేగా? చేతిలో పెట్టుకుని ఎంత బుజ్జగించినా అలిగిన అల్లుడిలా మెడ అటు తిప్పేసుకున్నారాయన."

మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. ఓసి పిచ్చిదానా! తెగులుకి మెడ తిరగడమంటే వేరే, ముఖం చాటేసుకోవడమంటే వేరే. ఈవిడ వద్దంటున్నాడని చెప్పింది, ఆవిడ మెలితిరిగిపోయిందని రాసుకుంది, ఇద్దరూ ఉన్నమాటే మాట్లాడుకున్నారు, మధ్యలో పన్నెండు ప్రాణాలు పోబోతున్నాయి. ఎన్ని వందల బళ్ళు చూశాడు ఇలాంటివి, "గేరు పోయింది మేస్త్రీ" అంటూ వచ్చేవాళ్ళు, వాళ్ళ మాట నమ్మి గేరు విప్పితే సాయంత్రానికి నిజంగానే పోయేది. రోగం పేరు చెప్పకండిరా, చప్పుడు చెప్పండి, అని మొత్తుకునేవాడు. ఆనందం పట్టలేక భార్య భుజం పట్టుకుని ఊపేశాడు, తెగులు కాదే, గొంతులో ఏదో అడ్డం పడింది, నేను విన్నాను అన్నాడు. విన్నాను అన్న మాట, రెండేళ్ళ తర్వాత, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ అతని ముఖంలోకి వింతగా చూసి, ఏదో అనబోయి, పుంజు వంక చూసి, "ఏవండీ, తురాయి!" అంది.

తురాయి నల్లబడుతోంది. ఇందాక ఎర్రగా ఉన్నది, అంచుల నుంచి లోపలికి నేరేడు రంగు పాకుతోంది. ఈల సన్నబడింది. వేలును పట్టుకున్న గోళ్ళు వదులవుతున్నాయి. ఫోను చేస్తే డాక్టరమ్మ, దారిలోనే ఉన్నామండీ, ముందు లారీ అడ్డం తిరిగిపోయి బళ్ళన్నీ ఆగిపోయాయి, ఇంకో అరగంట అంది. అరగంట! వీడికి అయిదు నిమిషాలుంటే గొప్ప. వీడు ఇప్పుడు పోతే? మెడ తిప్పిన పుంజు, ఊపిరాడక చచ్చిన పుంజు, ఇంకేం కావాలి, వచ్చేవాళ్ళు సంచులు విప్పుతూనే వస్తారు. తనే తీయబోతే? ఊపిరి గొట్టం నోటి మీద ఉన్నది చెయ్యి తగిలి లోపలికి జారిందా, అంతే సంగతులు, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అసలు అక్కడేమీ లేకపోతే? విన్నది తప్పైతే? ఛాతీ మీద స్క్రూడ్రైవరు, చెవిలో పిడి, ఏమీ వినపడని ఆ నిశ్శబ్దం, ఎంత హాయిగా నవ్వాడు ఆ రోజు. అయినా చెయ్యి చాచాడు. "ముల్లు తీసే పట్టకారు పట్రా. వేణ్ణీళ్ళలో ముంచి పట్రా. నీ ఫోన్లో లైటు వెయ్యి."

"ముట్టుకోవద్దంది కదండీ." "అన్నది." "మీకు... ఖాయంగా తెలుసా?" మేస్త్రీ నోరు తెరిచాడు. తెలుసు అనడం ఎంత తేలిక! "తెలీదు," అన్నాడు. "వినపడింది మాత్రం నిజం." ఆవిడ పరుగెత్తింది.

తువ్వాలు బిగించి మోకాళ్ళ మధ్య ఇరికించాడు. బొటనవేలు, చూపుడువేలు ముక్కు మూలల్లో పెట్టి తెరిచాడు, భార్య లైటు పట్టింది, వెలుగు గోడ మీద గంతులేసింది, సరిగ్గా పట్టవే అని అరిచాడు, పట్టింది. సన్నటి నాలుక, దాన్ని మెల్లగా ముందుకు లాగితే మొదట్లో చిన్న చీలిక, మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. అదే ఊపిరి గొట్టం నోరు. దాని అంచున, ఉంది! ఉందే! నల్లగా, గోరంత, చుట్టూ జిగురు పట్టి, చీలికకు అడ్డంగా! పుంజు పీల్చింది, అది అతుక్కుంది, ఈక్. వదిలింది, ఒక అంచు పైకి లేచింది. మేస్త్రీ గొంతులోంచి ఏదో కూత లాంటిది వచ్చింది, పిల్లాడిలా. అయితే ఇంకా అయిపోలేదు. పీల్చేటప్పుడు పట్టుకుంటే చస్తాడు, వదిలేటప్పుడు, అంచు లేచిన ఆ అర క్షణంలో పట్టాలి, టైమింగు, ముప్పై ఏడేళ్ళు చేసిందంతా అదే కదా, ఎప్పుడు ఏది తెరుచుకోవాలో, ఎప్పుడు ఏది మూసుకోవాలో. మణికట్టు పుంజు ముక్కుకు ఆనించుకున్నాడు, పట్టకారు కదలకుండా. పీల్చు. వదులు. ఒకటి పోనిచ్చాడు. పీల్చు. వదులు. ఇంకోటి పోనిచ్చాడు. "ఏవండీ, కళ్ళు మూసేస్తున్నారండీ!" పీల్చు, పీల్చరా నాయనా, ఒక్కసారి, ఆ, వదులు—పట్టాడు. లాగాడు. వచ్చేసింది.

పుంజు మెడ వాలిపోయింది. చప్పుడు లేదు, ఈలా లేదు, ఊపిరీ లేదు. మేస్త్రీకి చేతిలో పట్టకారు బరువెక్కిపోయింది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పుంజు తుమ్మింది. తల విదిలించి, జిగురంతా మేస్త్రీ ముఖాన కొట్టి, ఇంత పెద్ద ఊపిరి లోపలికి లాగింది, నిండుగా, నిశ్శబ్దంగా. మళ్ళీ లాగింది. తురాయి అంచుల్లోకి ఎరుపు తిరిగొస్తుంటే ఇద్దరూ చీకట్లో దీపం వచ్చినట్టు చూశారు. ఆవిడ పట్టకారు అందుకుని, దాని కొసనున్నది వెలుగులో తిప్పి చూసి, "పొద్దుతిరుగుడు గింజ పొట్టు," అంది. ఇంట్లో ఆ గింజలు నమిలి, పొట్టు వరండా మీంచి పెరట్లోకి ఉమ్మే ప్రాణి ఒక్కటే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రీ మీసాలు తుడుచుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, అనకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నట్టు కనపడింది, అంతే ఇద్దరికీ నవ్వాగలేదు, కూలబడి నవ్వారు, ఒళ్ళో పుంజు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

డాక్టరమ్మ చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ, వెనక సంచులతో ఇద్దరు మనుషులు, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. చిన్నపిల్ల, ఇంకా కొత్త ఉద్యోగమనుకుంటా. పుంజును చూసింది, గొంతులో లైటు వేసి చూసింది, పొట్టు చూసింది, రెట్ట చూసింది, పదకొండు పెట్టల్నీ ఒక్కొక్కటిగా పట్టించి కన్నూ ముక్కూ రెక్కా చూసింది. మేస్త్రీ దంపతులు జరిగిందంతా చెప్పేసి, పరీక్ష ఫలితాలకు నిలబడ్డట్టు నిలబడ్డారు. చివరికి తొడుగులు తీసేసింది. "పద్ధతి ప్రకారం నమూనా తీసుకెళ్తాను. కోళ్ళను మాత్రం తీసుకెళ్ళను. ఇది తెగులు కాదు," అంది. భార్య గోడకు చేరగిలబడిపోయింది. గొంతు ఒరుసుకుంది కదా, మూడు రోజులు ఈ మందు నీళ్ళలో కలపండి, మేత నానబెట్టి మెత్తగా పెట్టండి, విడిగా ఉంచండి అని చెప్పి, "మెడ అనగానే నేను ఇంకోటి అనుకున్నానండీ, నాదే పొరపాటు. అయినా మేస్త్రిగారూ, ఇంకెప్పుడూ ఇలా చేయకండి. చేసినందుకు థాంక్స్. కోళ్ళు రోగం పైకి చూపించవు, దాచుకుంటాయి. చెవి పెట్టి వినేవాళ్ళుండబట్టి వీడు బతికాడు," అని పంపు దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

"మనుషులూ దాచుకుంటారు," అంది భార్య, మెల్లగా, పెట్టలకేసి చూస్తూ. మేస్త్రీ ఇంకా ఆ పొగడ్త గాలిలోనే ఉన్నాడు, ఏంటే అన్నాడు. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "ఆ రోజు మీరు స్క్రూడ్రైవరు పెట్టినప్పుడు బావగారు ఊపిరి బిగబట్టారండీ. పుంజు కాదు, మీ అన్నయ్య. ఆ సాయంత్రమే నాకు చెప్పారు. వాడి చెవికి దొరికానంటే రేపే ఆసుపత్రికి ఈడ్చుకుపోతాడమ్మా, కోతలంటే నాకు భయం, అందుకే ఏమీ వినపడకుండా బిగబట్టి కూర్చున్నా, తమ్ముడు బోల్తా పడ్డాడు చూశావా అని నవ్వారు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. పోయాక చెబుదామంటే... పోయినాయన మీద మీకు కోపం తెప్పించినదాన్నవుతానని, ముందే ఎందుకు చెప్పలేదంటే ఏం జవాబు చెప్పాలో తెలియక... రెండేళ్ళు. మీరు కిటికీలు మూసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నానండీ."

మేస్త్రీకి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. ఆ నిశ్శబ్దం. గురకా లేని, గలగలా లేని ఆ నిశ్శబ్దం. బతికున్న ఏ మనిషి ఛాతీలోనైనా ఊపిరి చప్పుడైనా లేనంత నిశ్శబ్దం ఉంటుందా! లేని చప్పుడు వినలేదని రెండేళ్ళు చెవిని తిట్టుకున్నాడు. కోపం వచ్చింది, అన్నయ్య మీద, జన్మలో మొదటిసారి, ఎంత హాయైన కోపమో, ఒంట్లో పేరుకున్నదంతా కదిలి వచ్చినట్టు. "దొంగవెధవ! నా దగ్గరా నాటకాలు! పెద్దవాడివని ఊరుకుంటున్నా గానీ..." అని పైకే తిట్టాడు, డాక్టరమ్మ పంపు దగ్గర్నుంచి తిరిగి చూసింది, ఒళ్ళో పుంజు తననేమో అనుకుని మెడ ఎత్తింది, మేస్త్రీ తిడుతూనే ఉన్నాడు, కళ్ళ నీళ్ళు మీసాల్లోంచి కారుతూనే ఉన్నాయి. భార్య కదలలేదు. తన వంతు తిట్లు ఎప్పుడొస్తాయా అని తల దించుకుని నిలబడి ఉంది. మేస్త్రీ చూశాడు. ఈవిడా ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టుకునే తిరిగింది కదా, అనుకున్నాడు. మెట్టు మీద కాస్త పక్కకు జరిగాడు.

"ఇలా వచ్చి కూర్చో," అన్నాడు. "ఆయన నవ్విన నవ్వుతో సహా మొత్తం చెప్పు."